కొమ్ము లేని రాజు

మా ఊరి కోటగోడ ఎవరు కట్టారో మాకు తెలియదు. ఎందుకు కట్టారో అంతకన్నా తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. ఆ గోడకు నూరడుగుల లోపల ఎవరైనా ఇల్లు కట్టుకోవాలంటే ముందు పరీక్ష గుంత తవ్వించాలి. గజం పొడవు, గజం వెడల్పు, లోతు మాత్రం మనిషి చెయ్యి పడని మట్టి తగిలేదాకా. ఆ మట్టి మీద మనిషి చెయ్యి పడలేదని ఒక మనిషి తన చేత్తో రాసిచ్చిన కాగితం ఉంటే గాని పునాది తియ్యకూడదు. ఇది పురాతన సంపద సంరక్షణ విభాగం వారి నిబంధన. మా తిమ్మరాయకోటలో ఊరంతా గోడను ఆనుకునే ఉంది కాబట్టి ఈ పదేండ్లలో కొత్తగా లేచిన కట్టడం ఒకే ఒక్కటి. అది ఆ విభాగం వారి ఆఫీసు. గోడను కాపాడేవాళ్లు గోడ పక్కనే ఉండాలి కదా అని దానికి గుంత నుండి మినహాయింపు ఇచ్చుకున్నారు. మూడు గదులు, వరండా, కుళాయి, రెండు ఫ్యాన్లు.

నా పేరు శేషావధాని. పౌరోహిత్యం చేసుకుంటాను. అవధానం చేసింది మా ముత్తాత. నాకు పేరు మాత్రమే మిగిలింది. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను, తరువాత ఇంకెవరో చెబితే బాగుండదు. నాకు మంత్రం నోటికి ఎక్కడా తప్పదు. రాయమంటేనే చిక్కు. అందులోనూ కొమ్ములు. 'పురుష' అనే మాటలో రెండు కొమ్ములుంటాయని నాకు బాగా తెలుసు. కాని మొదటిది పెట్టగానే నా చేతికి తృప్తి కలుగుతుంది. ఆ రెండో కొమ్ము కోసం చిన్నప్పుడు మా నాన్న నా ఎడమ చెవిని ఎన్నిసార్లు మెలిపెట్టాడో చెప్పలేను. చెవి సాగింది గాని కొమ్ము రాలేదు. శంకుస్థాపనకు రాగిరేకు మీద యంత్రం గీసి భూమిలో పూడ్చేస్తాం గనుక, ముప్పై ఏండ్లుగా నా కొమ్ముల సంగతి భూదేవికి తప్ప ఎవరికీ తెలియలేదు.

ఇక మద్దిలేటమ్మ. కోటగుమ్మం దగ్గర జొన్నరొట్టెలు కాల్చి అమ్ముకుంటుంది. మొగుడు పోయి చాలా కాలమైంది. పోయిన కార్తీకంలో వానలకు ఆమె మట్టిమిద్దె కూలిపోతే, అదే స్థలంలో గోడవారగా నీలం టార్పాలిన్ పట్ట కట్టుకుని దాని కింద ఉంటోంది. ఒక్కగానొక్క కూతురు చంద్రకళ. పెళ్లయి ఏడాదైంది, నెల తప్పింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి గదా. వియ్యాలవారేమో, పట్ట కింద పురుడు పోసేటట్టయితే పిల్లను పంపేది లేదని కబురు పెట్టారు. మద్దిలేటమ్మకు కావలసింది తలుపున్న గది ఒక్కటి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆమె పెళ్లి చేసేసింది, ఇల్లే మిగిలింది.

దరఖాస్తు పెట్టి అప్పటికి అయిదు నెలలు. ఫైలు పరిశీలనలో ఉందన్నారు. వైశాఖంలో ఆమె నా దగ్గరికి వచ్చి ముహూర్తం అడిగింది. దశమి బుధవారం బ్రహ్మాండంగా ఉంది. అది దాటితే మూఢం, మూఢం దాటితే ఆషాఢం. కాగితం రాకముందే ఎట్లా అని ఆమె నసిగితే నేనే ధైర్యం చెప్పాను. పునాది తియ్యడం లేదు కదమ్మా, పూజే కదా, కాగితం వచ్చినప్పుడు వస్తుంది, ముహూర్తం మళ్లీ రాదు అన్నాను. ఈ కథలో మొదటి తప్పు నాదే. ఈశాన్య మూల మూరెడు గుంత తీయించి, పసుపు రాసిన అయిదు ఇటుకలు, ఆమె అవ్వ నాటి రాగిచెంబు, నవధాన్యాలు, పంచలోహాల ముక్కలు, ఒక రూపాయి బిళ్ల, పాలు, అన్నిటి మీద నా యంత్రం పెట్టి, మట్టి కప్పించి, నా సంభావన తీసుకుని వచ్చేశాను.

శ్రావణంలో ఫైలు కదిలింది. పరీక్ష గుంత తవ్వడానికి స్వయంగా సహాయ సంచాలకులు పరాంకుశంగారే వచ్చారు. ఆయన చెడ్డవాడు కాడు. నిబంధనలంటే ప్రేమ, అంతే. ఇంట్లో అన్నం తిన్నాక కూడా 'సదరు భోజనము ముగిసినది' అంటాడని ఊళ్లో చెప్పుకుంటారు. గుంత స్థలంలో ఎక్కడైనా తవ్వవచ్చు. నడిమధ్యలో తవ్వితే ఈ కథే లేదు. కాని పరాంకుశంగారు విభాగంలో ఎంత పెద్ద అధికారి అయినా మన మనిషే. దిక్సూచి తీసి, చూసి, శుభమా అని తవ్వేటప్పుడు ఈశాన్యంలో మొదలుపెట్టడం మంచిదన్నారు. మూరెడు లోతులో గునపం ఖంగుమంది.

మూడు నెలలు పాలూ పసుపూ తాగిన రాగి పచ్చగా పాకుడు పట్టి ఉంది. పరాంకుశంగారు బూట్లు విప్పి చెంబుకు నమస్కారం చేశారు. మద్దిలేటమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి ఉన్న మాట చెప్పింది.

"అది నా చెంబు సార్. మా అవ్వ ఇచ్చింది. మూతి కాడ ఆ సొట్ట చిన్నప్పుడు నేనే పెట్టినా. వైశాఖంలో మా సామి పూజ చేసి పెట్టించినాడు."

పరాంకుశంగారు ఆమెను నీడలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, ఎంతో మర్యాదగా విషయం వివరించారు.

"అమ్మా, తొందరపడక ఆలోచించి చెప్పండి. ఇది మీదే అయిన పక్షంలో, నిషిద్ధ ప్రాంతమున మీరు అనుమతి లేకుండా తవ్వకం జరిపినట్లు. అది నేరం. మీది కాని పక్షంలో ఇది పురాతన వస్తువు. అప్పుడు ఇక్కడ కట్టడం నిషేధం. రెంటిలో మీకు ఏది అనుకూలమో రాతపూర్వకంగా తెలియజేయండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ గొయ్యి కూడా ఆమె స్థలంలోనే ఉంది. మద్దిలేటమ్మ ఆలోచించడానికి గడువు అడిగింది. పదిహేను రోజులు ఇచ్చారు.

ఆ పదిహేను రోజుల్లో రాజధాని నుండి లిపి నిపుణులు డాక్టర్ వైకుంఠరావుగారు దిగారు. భూతద్దంతో నా రాగిరేకును రెండు గంటలసేపు చూశారు. నా అక్షరాలను మా ఆవిడ కూడా ఎన్నడూ అంత శ్రద్ధగా చూసింది లేదు. తరువాత విలేకరులను పిలిచి ప్రకటించారు. రేకు మీద 'శ్రీ వాస్తుపురషాయ నమః' అని స్పష్టంగా ఉంది. ఇది వాస్తుపురుషుడే అనుకోవడం పామరుల పొరపాటు. ఆస్థాన లేఖకుడు అక్షరదోషం చేయడు. కావున 'పురష' అన్నది పేరు, 'వాస్తు' ఇంటిపేరు. మన చరిత్రకు ఇంతదాకా తెలియని రాజు ఒకడు ఇక్కడ ఏలాడు. అతడే వాస్తు పురషరాయుడు.

ఒక విలేకరి లేచి, గుంతలో రూపాయి బిళ్ల కూడా దొరికిందట కదా అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. వైకుంఠరావుగారు చిరునవ్వు నవ్వి, అది పై పొర నుండి జారిపడినదని, శాస్త్రంలో దానిని చొరబాటు అంటారని, అటువంటివి లెక్కలోకి రావని చెప్పారు. మొలకెత్తి చచ్చిపోయిన అలసందలు మాత్రం లెక్కలోకి వచ్చాయి. పురషరాయుని కాలంలో వ్యవసాయం విస్తారంగా సాగిందనడానికి అవి తిరుగులేని సాక్ష్యమట.

ఇక చూడండి మా ఊరి సంబరం. పది రోజులు తిరక్కుండా పురషరాయ సర్కిల్ వెలిసింది. పురషరాయ మటన్ సెంటర్ వెలిసింది. రాజు మావాడంటే మావాడని రెండు సంఘాలు వేరు వేరుగా ఊరేగింపులు తీశాయి. ఆయనకు ఇద్దరు భార్యలని ఒకరు, కాదు ఏకపత్నీవ్రతుడని మరొకరు కరపత్రాలు వేశారు. బడిలో ఆయన మీద వ్యాసరచన పోటీ పెడితే మూడో బహుమతి మా మేనల్లుడి కూతురికి వచ్చింది. ఇంటికి తెచ్చి నాకే చదివి వినిపించింది. రాజుగారు చాలా మంచివాడు, చెట్లు నాటించాడు అని రాసింది.

నేను నోరు విప్పలేదు. అబద్ధం ఎందుకు, సిగ్గు. ఊళ్లో సగం ఇండ్లకు శంకుస్థాపన చేసింది నేను. వాటన్నిటి కింద ఒక కొమ్ము తక్కువైన వాస్తుపురుషుడు పడుకుని ఉన్నాడంటే రేపు నన్ను పిలిచేదెవరు? అదీగాక, మా నాన్న చెవి మెలిపెట్టిన తప్పుకు రాజధాని నుండి పెద్దమనుషులు వచ్చి దండాలు పెడుతుంటే లోలోపల కాస్త బాగానే ఉంది. ఇదీ నా బుద్ధి.

భాద్రపదంలో చంద్రకళ వచ్చింది. అత్తగారు వద్దంటున్నా అమ్మ దగ్గరికే పోతానని బస్సెక్కేసిందట. ఏడో నెల. నేను రొట్టెల కోసం అటు వెళ్లినప్పుడు, చేతినిండా గాజులతో ఆ పిల్ల నడుము పట్టుకుని పట్ట కిందికి వంగి దూరడం చూశాను. వంగలేక ఒక చెయ్యి నేల మీద ఆన్చింది. మద్దిలేటమ్మ నా వైపు చూసింది గాని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. రొట్టెలు తీసుకోకుండానే నేరుగా ఆఫీసుకు వెళ్లి, ఆ రేకు రాసింది నేనేనని, ఆ కొమ్ము మింగింది నేనేనని ఒప్పుకున్నాను.

పరాంకుశంగారు దయగా విన్నారు. నేరాంగీకారం అయినా సరే పరీక్షించకుండా స్వీకరించరాదని నిబంధన. త్రిసభ్య సంఘం ఏర్పాటైంది. అది కూర్చోవడానికి నెల పట్టింది. ఆశ్వయుజంలో ఒకనాడు ఆఫీసు నడిమి గదిలో బల్ల అవతల ముగ్గురు, ఇవతల నేను. వైకుంఠరావుగారే అధ్యక్షులు. నా ముందు కొత్త రాగిరేకు, ఒక మేకు పెట్టారు. వాస్తుపురుష మంత్రం రాయమన్నారు. నేను రాసేది తప్పుగా ఉంటే ఆ శాసనం నాదే. రాజు లేడు, గుంత పూడుస్తారు, మద్దిలేటమ్మకు కాగితం ఇస్తారు, నా తవ్వకానికి నా మీద చిన్న కేసు పెట్టుకుంటారు. దానికి నేను సిద్ధపడే వెళ్లాను.

అంత సులువైన పని నా జన్మలో నాకెవరూ పెట్టలేదు. ముప్పై ఏండ్లు అలవాటైన తప్పు. మేకు పట్టుకున్నాను. ముగ్గురూ ముందుకు వంగారు. నెలన్నరగా ఊరంతా ఆ కొమ్ము గురించే మాట్లాడుతోంది, పేపర్లు దాని మీదే రాస్తున్నాయి. నాకు చెమట పట్టింది. ఎడమ చెవి జివ్వుమంది. 'పు' గీశాను. తరువాత 'రు' గీశాను. గీసి, చూసుకుంటే, కొమ్ము ఉంది. నిగనిగలాడుతూ, వంపు తిరిగి, మా నాన్న చూస్తే కళ్లనీళ్లు పెట్టుకునేంత చక్కగా ఉంది.

సభ్యులు ముగ్గురూ లేచి నాతో కరచాలనం చేశారు. శేషావధాని అనబడు వీరు దోషరహితముగా వ్రాయగలవారని, దోషము చేయు సామర్థ్యము వీరికి లేదని, కావున సదరు శాసనముతో వీరికి ఎట్టి సంబంధము లేదని ధ్రువపత్రం ఇచ్చారు. దానిని ఇప్పటికీ దాచుకున్నాను. పటం కట్టించాలని ఉంది గాని మొహమాటంగా ఉంది.

మద్దిలేటమ్మ బయట వరండాలో కూర్చుని ఉంది. నా చేతిలో కాగితం చూసి ఆశగా లేచింది. జరిగింది చెప్పాను.

"ముప్పై ఏండ్లు తప్పు రాస్తివి. తప్పు రాయాల్సిన ఒక్క దినం ఒప్పు రాస్తివే సామీ."

నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. కొంతసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, ఇట్లాంటి రేకు ఈ చుట్టుపక్కల ఇంకెక్కడైనా పూడ్చినావా అని అడిగింది. రెండోది కూడా దొరికితే రెండూ ఒక చేతివేనని తేలుతుంది కదా అని ఆమె ఆలోచన. చదువుకోలేదు గాని బుర్ర చురుకు. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ, నేను కూర్చున్న మెట్లను చూసి ఆగిపోయాను. ఎనిమిదేండ్ల కిందట ఈ ఆఫీసుకు శంకుస్థాపన చేసింది ఎవరు? కాంట్రాక్టరు వచ్చి చేతులు పట్టుకుంటే చేసింది నేనే. ఈశాన్య మూల, ఇప్పుడు కుళాయి ఉన్నచోట.

నిషిద్ధ ప్రాంతంలో పురాతన వస్తువు ఉన్నట్లు రాతపూర్వకంగా ఫిర్యాదు వస్తే వారం లోపల తవ్వి చూడాలని మరో నిబంధన ఉంది. ఆ సాయంత్రమే ఫిర్యాదు రాసిచ్చాను. అందులో పదకొండు అక్షరదోషాలున్నాయని గుమాస్తా లెక్కపెట్టి మరీ చెప్పాడు. ధ్రువపత్రం ఇచ్చినవారెవరూ అది పట్టించుకోలేదు.

కుళాయి పీకించి తవ్వారు. మూరెడు లోతులో ఇటుకలు, చెంబు, రూపాయి బిళ్ల, రేకు. రేకు మీద అదే మంత్రం, అదే పురషుడు. నేను గెలిచినట్టు తల ఎత్తి నిలబడ్డాను. ఆఫీసు కట్టి ఎనిమిదేండ్లని ఊళ్లో ప్రతివాడికీ తెలుసు, శంకుస్థాపన నాడు తీసిన ఫోటో పరాంకుశంగారి గోడకే వేలాడుతోంది, అందులో నేను ఉన్నాను, నా చేతిలో రేకు ఉంది. వైకుంఠరావుగారు ఫోటోను చూశారు, రేకును చూశారు, నన్ను చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఒకటి దొరికితే శాసనం. రెండు దొరికితే సామ్రాజ్యం" అన్నారు.

ఫోటోలో నా చేతిలో ఉన్నది రేకే అయినా, దానిని నేను గుంతలో పెట్టానని ఫోటో చెప్పడం లేదట. రెండు గుంతల్లోనూ రూపాయి బిళ్లలు జారిపడ్డాయంటే ఇక్కడి మట్టికి జారే గుణం అధికమని తేలిందట. మద్దిలేటమ్మ స్థలం పురషరాయుని కోట వెలుపలి పూజాస్థానం, ఆఫీసు ఉన్నచోటు రాజధాని నడిబొడ్డు. ఈ మేరకు నివేదిక వెళ్లింది, పై నుండి ఉత్తర్వు వచ్చింది. సదరు ఆఫీసు ఆవరణ మొత్తం రక్షిత స్మారకం. అందులో ఉన్న ఆక్రమణదారులు ఏడు రోజుల్లో ఖాళీ చేయవలెను.

ఆక్రమణదారులంటే పరాంకుశంగారే. నిజం చెప్పాలంటే, ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం పుట్టింది. ఇంకొకరైతే పైరవీ చేసుకునేవారు. ఆయన తన పేరిట తానే నోటీసు తయారుచేసి, తన బల్ల మీద తానే పెట్టుకుని, అందినట్లు సంతకం చేసి, ఏడో రోజున బీరువాలూ ఫైళ్లూ బయట పెట్టించి, మూడు గదులకూ సీలు వేసి, తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నారు. వాకిట్లో బోర్డు పెట్టించారు, బోర్డు కింద బల్ల మీద సందర్శకుల పుస్తకం పెట్టించారు. చూడటానికి ఎవరూ రాలేదు. మేకలు వచ్చేవి గాని వాటిని రాయనక్కర లేదు.

నిషిద్ధ ప్రాంతంలో గుంత లేకుండా వేసుకోదగినది తాత్కాలిక పట్ట ఒక్కటే. కాబట్టి మద్దిలేటమ్మ నీలం పట్ట పక్కన పరాంకుశంగారి పచ్చ పట్ట లేచింది. కొత్త ఆఫీసుకు ఒక్క గది కట్టుకునేందుకు అనుమతి కోరుతూ ఆయన దరఖాస్తు రాసుకున్నారు. అనుమతి ఇవ్వవలసిన అధికారి కూడా తానే కావడంతో, దరఖాస్తుదారు తనకు స్వయంగా తెలిసినవాడైనందున ఈ విషయంలో నిర్ణయం తీసుకోజాలనని దాని మీదే రాసి పక్కన పెట్టారు. మధ్యాహ్నం మద్దిలేటమ్మ ఆయనకు రెండు జొన్నరొట్టెలు, ఇంత ఊరిబిండి పచ్చడి పెట్టేది. ఆమెకు కోపం లేదా అంటే ఉంది. కాని ఎదురుగా మనిషి ఎండలో కూర్చుని ఉంటే పెట్టకుండా తినే అలవాటు ఆమెకు లేదు. ఒకరోజు రొట్టె తుంచుతూ ఆయన, పట్ట కింద ఇంత ఉక్కగా ఉంటుందని ఫైల్లో ఎక్కడా రాయలేదమ్మా అన్నారట.

కార్తీకం వచ్చింది, వాన పట్టుకుంది. రెండు రోజులు తెరిపి లేదు. మూడోనాడు సాయంత్రం నేను గొడుగు వేసుకుని వెళ్లేసరికి, నీలం పట్ట ఒక కొస తెగి నీళ్లు ధారగా లోపలికి పడుతున్నాయి. చంద్రకళకు నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి వాగు అవతల ఉంది, వాగు రోడ్డు మీదికి పొర్లింది, ఆంబులెన్సు అవతలి గట్టునే ఆగిపోయింది. నర్సమ్మ పక్క వీధి మనిషి కాబట్టి మోకాటి లోతు నీళ్లలో రాగలిగింది. వచ్చి చూసి, ఇక్కడ కాన్పు చేస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు, పొడి నేల చూపించండి అంది. నాకు దశమి బుధవారం అని ఆనాడు అన్న నోరు కొట్టుకోవాలనిపించింది.

మద్దిలేటమ్మ పరాంకుశంగారి దగ్గరికి పోయింది. ఆయన తన పట్ట కింద ఫైళ్ల మీద గొడుగు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆమె మూడు గదుల వైపు చూపించింది.

"ఆ తలుపు తీయండి సార్. ఇంగ నేను మిమ్మల్ని ఏమీ అడగను. ఇల్లు గూడా అడగను."

పరాంకుశంగారు లేచి నిలబడ్డారు. "సాయంత్రం అయిదు గంటల తదుపరి రక్షిత స్మారకము నందు ప్రవేశం..." అని మొదలుపెట్టారు. అంతలో ఆ పిల్ల అమ్మా అని అరిచింది. ఆయన వాక్యం అక్కడే ఆగిపోయింది. నాకు తెలిసి ఆయన పూర్తిచేయని వాక్యం అదొక్కటే. జంధ్యం పైకి లాగి తాళంచెవి విప్పారు. గొడుగు గాలికి ఎగిరిపోతే, చేతిలో ఉన్న ఫైలే చంద్రకళ తల మీద పట్టి, వానలో ఆమెతో పాటు నడిచి వెళ్లి సీలు పగలగొట్టారు. ఆ ఫైలు మద్దిలేటమ్మ ఇంటి ఫైలే. మొత్తం నానిపోయింది.

అలవాటు మాత్రం ఎక్కడికి పోతుంది? ఆడవాళ్లు లోపలికి వెళ్లగానే, సందర్శకుల పుస్తకం తెరిచి, లోపలికి ముగ్గురు అని రాశారు. మేమిద్దరం వరండాలో నిలబడ్డాం. ఆయన ఏ నిబంధనా పలకలేదు. విష్ణుసహస్రనామం పలికారు. నేను గడియారం చూసుకుంటూ నక్షత్రం లెక్క కట్టాను. ఏడూ ఇరవైకి లోపలి నుండి కేర్‌మని వినిపించింది. ఆడపిల్ల. పరాంకుశంగారు స్తంభానికి ఆనుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచడం దేనికి.

తెల్లవారి వాన వెలిసింది. పది గంటలకు స్మారకం మామూలుగా తెరవాలి కాబట్టి తల్లీబిడ్డలను పట్ట కిందికే తెచ్చారు. తెగిన కొసను పరాంకుశంగారే దబ్బనంతో కుట్టారు. పుస్తకంలో, బయటికి నలుగురు అని రాశారు.

పదకొండో నాడు పురిటిస్నానం, పుణ్యాహవచనం. నేను పట్ట ముందు కలశం పెట్టి కూర్చుని ఉండగా తపాలా మనిషి వచ్చాడు. ప్రధాన కార్యాలయం నుండి పరాంకుశంగారికి మెమో. నెలాఖరు తనిఖీలో సందర్శకుల పుస్తకం నకలు చూశారట. ఆయన ముఖం తెల్లబోయింది. ఉద్యోగం పోయినట్టేనని మేమందరం అనుకున్నాం. ఆయన నిలబడి, గొంతు సవరించుకుని, పైకే చదివారు.

"రక్షిత స్మారకము లోనికి వెళ్లినవారు ముగ్గురు, వెలుపలికి వచ్చినవారు నలుగురు అని పుస్తకము వలన తేలుచున్నది. అనగా స్మారకము లోపల లభ్యమైన ఒకటి (1) అనుమతి లేకుండా తరలింపబడినది. స్మారకము నందు లభించిన దేనినీ కదిలించరాదని తాము ఎరుగనిది కాదు. కావున సదరు ఒకటి (1)ని, దానికి ఆధారముగా ఉన్న సమస్తముతో సహా, తక్షణమే లభించిన చోటనే ఉంచి, ఎండ వాన తగలకుండా, తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు భద్రపరచవలెను."

చంద్రకళ చంటిదాన్ని పొదివిపట్టుకుని అమ్మ వైపు చూసింది. మద్దిలేటమ్మకు ఆ భాష అర్థం కాలేదు, బిడ్డను పట్టుకుపోతారేమోనని కొంగు నడుముకు బిగించింది. పరాంకుశంగారు మెమో మరోసారి చదువుకున్నారు. మూడోసారి చదువుతున్నప్పుడు ఆయన పెదవులు కదిలాయి. దానికి ఆధారం అంటే తల్లి కదా అవధానిగారూ అని నన్ను అడిగారు. తల్లే, తల్లికి ఆధారం అమ్మమ్మ అన్నాను. సమస్తము అని స్పష్టంగా ఉంది అన్నారు. స్పష్టంగానే ఉంది అన్నాను. తదుపరి ఉత్తర్వులు ఎప్పుడు వస్తాయని మద్దిలేటమ్మ భయంగా అడిగింది. తన ఇరవై ఆరేండ్ల సర్వీసులో అవి రావడం చూడలేదని ఆయన చెప్పారు.

జంధ్యం పైకి లాగి తాళం తీశారు. పుణ్యాహవచనానికి తెచ్చిన పాలే పొయ్యి మీద పెట్టి పొంగించాం. మూడు గదుల్లోనూ నీళ్లు చల్లి, నేను ఈసారి ఎక్కడా ఏమీ రాయలేదు, నోటితోనే కానిచ్చాను. చంద్రకళ ఫ్యాను కింద చాప పరుచుకుని పడుకుంది, పక్కన బిడ్డ. మద్దిలేటమ్మ తలుపు ఒకసారి వేసింది, తీసింది, మళ్లీ వేసింది.

బయట పరాంకుశంగారు తన పచ్చ పట్ట కింద కూర్చుని మెమోకు జవాబు రాశారు. తప్పులేమైనా ఉన్నాయేమో చూడమని నాకే ఇచ్చారు. రెండే వాక్యాలు. 'సదరు ఒకటి (1) లభించిన చోటనే భద్రముగా ఉన్నది. పాలు త్రాగుచున్నది.'